కడుపు నాది, కబురూ నాదే

మా అక్క బిడ్డను నేను మోశాను. ఈ మాట మా ఆయనకి చెప్పాను, మా అత్తయ్యగారికి చెప్పాను, నా కొడుక్కి చెప్పాను, కొలతలివ్వడానికి నా మిషన్ దగ్గరికి వచ్చే ఆడవాళ్లందరికీ చెప్పాను. ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పాల్సి వచ్చింది. సరోగసీ మీద పేపర్లలో చాలానే వస్తోంది. చట్టం ఏమంది, ఏ క్లినిక్‌లో మోసం జరిగింది, ఏ నటికి కవలలు పుట్టారు, అన్నీ రాస్తారు. మోసిన మనిషి ఆ తొమ్మిది నెలలూ ఇంట్లో, వీధిలో ఏం చెప్పుకుంటూ తిరిగిందో మాత్రం నేనెక్కడా చదవలేదు. అయిదో నెల దాటాక ఏ పమిటా కడుపుని కప్పలేదు. అప్పటికి మనం చెప్పి ఉండకపోతే ఊరు తనకి తోచింది చెబుతుంది. మోసే ఆడదే ముందు నోరు విప్పాలని, ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నా గట్టి నమ్మకం.

మాది తాడేపల్లిగూడెం. ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతాను. మా ఆయన ఉల్లిపాయల మార్కెట్‌లో గుమస్తా. అక్క పెళ్లయి వేరే ఊరు వెళ్లింది. ఆ ఊరి పేరు రాయొద్దంది, రాయను. తొలి కాన్పులో తనకి బిడ్డ దక్కలేదు. రక్తం ఆగకపోయేసరికి ప్రాణం నిలపడానికి డాక్టర్లు గర్భసంచి తీసేశారు. అండాశయాలు బాగానే ఉన్నాయి. అంటే తన అండంతో బిడ్డ పుట్టే వీలుంది, మోసే చోటే లేదు. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సరోగసీ చట్టం ఇలాంటివాళ్లకి అవకాశమిస్తుంది. మోసే మనిషికి మాత్రం షరతులున్నాయి. పెళ్లయి ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి, వయసు 25 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి, అదీ జీవితంలో ఒక్కసారే. డబ్బు తీసుకోకూడదు. మా కుటుంబంలో ఇవన్నీ కుదిరేది నాకొక్కదానికే.

ఆ సంగతి నాకు ఆస్పత్రి వరండాలోనే అర్థమైంది. అయినా అక్కతో ఏమీ అనకుండా ఇంటికొచ్చేశాను. ముందు మా ఆయనకి చెప్పాను. అమ్మకి మాత్రం అందరికంటే చివర చెప్పాలని అప్పుడే అనుకున్నాను, ఎందుకో చెబుతాను. 2016లోనూ 2019లోనూ ప్రభుత్వం తెచ్చిన బిల్లుల్లో దగ్గరి బంధువే మోయాలని ఉండేది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ 2020లో ఆ షరతు తీసేయమంది. ఇష్టపడి ముందుకొచ్చే ఏ మహిళైనా మోయొచ్చని 2021 చట్టంలో రాశారు. మంచిదే. కానీ డబ్బు లేకుండా పరాయి మనిషి కోసం ఎవరు మోస్తారు? తిరిగి తిరిగి చెల్లెలి దగ్గరికో, తోడికోడలి దగ్గరికో, వదిన దగ్గరికో వస్తుంది. డబ్బు ఆశ చూపితే తప్పని చట్టానికి తెలుసు. కన్నతల్లి ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకుంటే అది ఎంత బలవంతమో ఏ చట్టానికీ తెలీదు. మా అమ్మ మంచిది, నన్ను ఒక్క మాట కూడా అడిగి ఉండేది కాదు. కానీ తన మొహం చూశాక నేను 'వద్దు' అనగలిగేదాన్నా? అందుకే వైద్య పరీక్షలన్నీ అయి, నా సంతకం నేను చేసి, మనసులో తిరుగు లేదని తేలాకే పాలకొల్లు వెళ్లి అమ్మకి చెప్పాను. పిండం గర్భసంచిలో పెట్టే క్షణం దాకా మనసు మార్చుకునే హక్కు మోసే మనిషికి చట్టం ఇచ్చింది. ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి, స్వీట్లు పంచాక ఆ హక్కు కాగితం మీద ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అన్నీ దాచకుండా చెప్పాలంటాను గానీ, ఎప్పుడు చెప్పాలో తేల్చుకునేది మాత్రం మోసే మనిషే.

మా ఆయన రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు మార్కెట్ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "జనం ఏమంటారో నీకు తెలుసుగా. నేను మార్కెట్‌లో తల ఎత్తుకు తిరగాలి. నువ్వు అందరికీ విడమరిచి చెప్పగలవా?" అన్నాడు. ఆయన భయం దేనికో నాకు తెలుసు. ఇది రాయడం కష్టమే. అయినా రాస్తాను, ఎందుకంటే చెల్లెలు అక్క కోసం మోసిన ప్రతి తెలుగింట్లో ఇది ఉంటుంది.

మనలో బావా మరదళ్ల మధ్య ఎకసెక్కాలు మామూలే. పండక్కి వచ్చిన బావని మరదలు ఆటపట్టించకపోతే ఇంట్లో పెద్దవాళ్లే 'ఏంటే అలా ఉన్నావు' అంటారు. సరసాలాడే వరస. ఆ వరసే మా మెడకి చుట్టుకుంది. "అక్క బిడ్డని మోస్తున్నాను" అనగానే కొందరి చూపు పక్కకి తిరిగేది. అడగని ఆ ప్రశ్న నాకు వినబడేది. పిండం ల్యాబులో తయారవుతుందని మనవాళ్లలో ఇప్పటికీ ఎంతమందికి తెలుసు? మన దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ కోల్‌కతాలో 1978లో పుట్టింది. ఇన్నేళ్లయినా ఆ పనెలా జరుగుతుందో ఆడవాళ్లకి ఆడవాళ్లు చెప్పుకోలేదు. వీధికో ఫెర్టిలిటీ సెంటర్ బోర్డు మాత్రం వచ్చింది.

నేను చెప్పాను. ఆది జాకెట్టు పక్కన పెట్టి, టేపు మెడలో వేసుకుని, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. "అక్కకి కొన్ని రోజులు ఇంజెక్షన్లు చేసి అండాలు తీశారండీ. ల్యాబులో బావగారి వీర్యకణాలతో కలిపారు. అక్కడే కొన్ని రోజులు పెంచారు. తర్వాత సన్నటి గొట్టంతో నా గర్భసంచిలో పెట్టారు. మత్తు కూడా ఇవ్వలేదు, కాసేపట్లో అయిపోయింది. ఆ గదిలో డాక్టరమ్మ, నర్సులు, నేను. నా అండం వాడటానికి లేదు, చట్టమే ఒప్పుకోదు." వీర్యకణాలన్న మాట దగ్గర నాలిక తడబడేది. అయినా మింగకుండా పలికేదాన్ని. ఆ ఒక్క మాట మింగితే విన్నవాళ్లు దాని చోట ఇంకేదో పెట్టుకుంటారు. 'ఆపరేషన్ లాంటిదిలెండి' అని దాటేస్తే అనుమానం రెట్టింపవుతుంది.

ఇంత వివరంగా చెప్పాలా, సిగ్గుండక్కర్లేదా అని మా మేనత్త అంది. కొందరు నన్ను కాపాడుదామని పురాణం ఎత్తేవాళ్లు. దేవకి కడుపులోంచి రోహిణి కడుపులోకి బలరాముడు రాలేదా అనేవాళ్లు. వాళ్ల ప్రేమకి దణ్ణం. కానీ ఆ కథతో ఎదుటివాళ్ల నోరు మూతపడుతుందే తప్ప సంగతి అర్థం కాదు. యోగమాయ చేసిందన్నాక ఇక ప్రశ్నేముంటుంది? నాకు కావలసింది వాళ్లు నోరు మూయడం కాదు, నిజం తెలుసుకోవడం.

అందరికంటే బాగా అర్థం చేసుకున్నది మా అత్తయ్యగారు. ఆవిడది పొలం పని చేసిన ఒళ్లు. అంతా విని, "నారుమడి ఒకచోట, నాటేది ఇంకోచోట. గింజ మాత్రం వాళ్లది. అంతేనా?" అన్నారు. అంతేనండీ అన్నాను. అయితే అర్థమైందని ఒప్పేసుకోలేదు. "నీకేమైనా అయితే వీడి గతేంటి?" అని నా కొడుకుని చూపించి అడిగారు. "మీ అక్కకి కాన్పులోనే కదా అలా అయింది. నీకూ అలాగే అయితే?"

ఈ ప్రశ్నను చాలామంది అత్తగారి సాధింపు అనుకుంటారు. నా లెక్కలో ఆ తొమ్మిది నెలల్లో నన్నెవరైనా అడిగిన అతి సరైన ప్రశ్న అదే. కాన్పంటే ప్రమాదమే, అది ఎవరి బిడ్డయినా. నా గర్భసంచికి ఏమైనా అయితే నష్టపోయేది నేను, నా భర్త, నా కొడుకు. ఇంట్లో వాళ్లకి ఆ భయం ఉంటే అది మూర్ఖత్వం కాదు, మనమీద ప్రేమ. దానికి సమాధానం 'ఏం కాదులెండి' కాదు. అత్తయ్యగారిని ఆస్పత్రికి తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను. ఆవిడ అడగాల్సినవన్నీ అడిగారు. బీపీ పెరిగితే ఏం చేస్తారు, రక్తం ముందే సిద్ధం చేస్తారా, తల్లీ బిడ్డల్లో ఒకరే దక్కే పరిస్థితి వస్తే ఎవరిని చూస్తారు అన్నారు. మోసే మనిషికి 36 నెలల ఇన్సూరెన్స్ తప్పనిసరి అని, కాన్పయ్యాక వచ్చే ఇబ్బందులకీ అది వర్తిస్తుందని చెబితే ఆ కాగితం జిరాక్స్ తీయించి బీరువాలో పెట్టారు. అప్పుడు ఒప్పుకున్నారు.

నా కొడుకు అప్పుడు ఒకటో తరగతి. వాడికి చెప్పడానికి నేను మాటలు వెతుక్కుంటూ ఉంటే వాడే తేల్చేశాడు. స్కూలు ఆటోలో పిల్లలందరికీ "మా అమ్మ కడుపులో పెద్దమ్మ వాళ్ల బుజ్జి ఉంది, పుట్టాక వాళ్లింటికెళ్తుంది" అని చెప్పాడట. ఆటో అబ్బాయి ద్వారా నాలుగు వీధులకి ఆ కబురు వెళ్లింది. దానికి మించిన వివరణ ఈరోజుకీ నాకు దొరకలేదు. పిల్లలకి చెప్పకుండా దాస్తే, పుట్టిన బిడ్డ మాయమైపోవడం వాళ్లు చూస్తారు. అమ్మలు బిడ్డల్ని ఇచ్చేస్తుంటారని పసివాడు భయపడితే ఆ భయాన్ని తర్వాత ఎవరు తీస్తారు?

"ఎంతిచ్చారు?" ఇది కస్టమర్ల ప్రశ్న. అక్కకైనా ఊరికే ఎందుకు చేస్తావంటారు. కొందరు మొహం మీదే "అద్దెకిచ్చావంటగా" అన్నారు. మందులు, ఆస్పత్రి ఖర్చు, ఇన్సూరెన్స్ తప్ప ఇంకేమీ ఇవ్వకూడదని, డబ్బు కోసం నడిపితే పదేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా అని చెప్పేదాన్ని. నమ్మినవాళ్లు నమ్మారు. డబ్బుతో గర్భాన్ని బేరం పెట్టొద్దన్న చట్టంతో నాకు పేచీ లేదు. 2002 తర్వాత మన దేశంలో ఆ వ్యాపారం ఎలా సాగిందో, విదేశాల నుంచి ఎంతమంది వచ్చారో చదివాను. గుజరాత్‌లోని ఆనంద్‌లో మోసే ఆడవాళ్లని తొమ్మిది నెలలూ హాస్టల్లో ఉంచేవారు. అక్కడే 2004లో ఒక అమ్మమ్మ, ఇంగ్లండ్‌లో ఉన్న తన కూతురి కోసం కవలల్ని మోసి కన్నది. సొంత మనుషుల మధ్య, అందరికీ తెలిసేలా జరిగింది అది. తర్వాత్తర్వాత బేరంతో పాటు దాపరికమూ వచ్చింది. ఊళ్లో వాళ్లకి పనికెళ్తున్నామని చెప్పి హాస్టల్లో ఉన్న ఆడవాళ్లు తిరిగొచ్చాక ఎవరికి ఏం చెప్పుకున్నారో!

కానీ ఒక మాట. ఏడో నెల నుంచి నేను పెడల్ తొక్కలేదు. డాక్టరమ్మ వద్దంది. పెళ్లిళ్ల సీజన్లో మగ్గం వర్కు జాకెట్లన్నీ పక్క వీధి దర్జీకి పోయాయి, వాటిలో కొన్ని ఇప్పటికీ తిరిగి రాలేదు. 2024 జూన్‌లో కేంద్రం తన ఉద్యోగులకి కొత్త సెలవు నిబంధన తెచ్చింది. ఇద్దరికంటే తక్కువ పిల్లలుంటే, మోసే తల్లికీ బిడ్డని తీసుకునే తల్లికీ 180 రోజుల సెలవు. జీతంతో. మరి సెలవే లేని నాలాంటివాళ్లకి? పోయిన కూలి ఇవ్వడం బేరం ఎలా అవుతుంది? మా అక్క ఇస్తానంది, నేను వద్దన్నాను, చట్టానికి భయపడి. ఆ నష్టపరిహారాన్ని చట్టమే లెక్కకట్టి ఇప్పిస్తే 'ఎంతిచ్చారు' అన్నవాళ్లకి తల ఎత్తి 'ఇంత, ఇందుకు' అని చెప్పేదాన్ని.

కాన్పయ్యాక వచ్చిన రోజులే అన్నిటికంటే కష్టం. తలకి గుడ్డ, చెవుల్లో దూది, అత్తయ్యగారి వెల్లుల్లి కారం, సొంఠి ముద్ద. చూసినవాళ్లకి నేను బాలింతనే. "పాపా బాబా?" అని నవ్వుతూ లోపలికొచ్చి, ఉయ్యాల కోసం గదంతా కళ్లతో వెతికి, లేకపోయేసరికి ఆగిపోయేవాళ్లు. బిడ్డ పోయిందనుకుని కన్నీళ్లు పెట్టుకున్న ఒక ముసలావిడని నేనే ఓదార్చాను. నేను ముందే చెప్పినవాళ్లకి ఈ బాధ లేదు, వాళ్లతో నాకూ లేదు. వాళ్లు "మీ అక్క బిడ్డ ఎలా ఉందమ్మా, పాలు పట్టిందా" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. నా ఒంటికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు కదా, పాలు పడ్డాయి. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ పిండి ఇచ్చాను, తర్వాత మాత్రలతో ఆపారు. ఆ వారం ఏడ్చాను. బిడ్డ కావాలని కాదు. ఒళ్లు తన పని తాను చేసుకుపోతుంటే మనసు ఆపలేకపోయింది. మోయాలనుకునే ప్రతి ఆడదానికీ ఈ సంగతి ముందే తెలియాలి.

పురుడు ఎవరికన్న ప్రశ్న కూడా వచ్చింది. మా పంతులుగారు కాసేపు ఆలోచించి, బిడ్డ ఏ ఇంటిదైతే పురుడు ఆ ఇంటిదే అన్నారు. ఆయనకి ఇది కొత్త. విసుక్కోలేదు, నవ్వలేదు, ఆలోచించి చెప్పారు. ఆ మర్యాద నేను మర్చిపోను.

అక్కకీ నాకూ ఒక చోట మాత్రం మాట కుదరలేదు. నేను మోశానని చెప్పిన ప్రతిసారీ, తనకి గర్భసంచి లేదన్న సంగతి కూడా బయటపడుతుంది. నా కడుపు నాదే, కబురూ నాదే అనుకున్నాను. కానీ ఆ కబురులో సగం అక్క ఒంటిది. తన అత్తవారి వైపు చాలామందికి ఆ ఆపరేషన్ సంగతి తెలీదు. "పాప పెద్దయ్యాక స్కూల్లో ఎవరైనా ఏమైనా అంటే?" అంది. చాలా రాత్రులు ఫోన్లో మాట్లాడుకున్నాం. చివరికి ఇలా ఒప్పుకున్నాం. మోసిన సంగతి నేను చెప్పొచ్చు. ఎందుకు మోయాల్సి వచ్చిందో తన వైపు వాళ్లకి తనే చెప్పాలి. పాపకి మాత్రం ఊహ తెలిసేటప్పటి నుంచే, ఇద్దరం, ఒకే మాట చెప్పాలి. మెడికల్ బోర్డు ముందు, మొదటి తరగతి మేజిస్ట్రేటు కోర్టులో, జిల్లా అధికారుల ఫైళ్లలో మా ముగ్గురి సంతకాలున్నాయి. ఇంతమంది గుమస్తాలకి తెలిసిన సంగతి పాప నుంచి దాచి పెంచడం అన్యాయమని నేనన్నాను, అక్క ఒప్పుకుంది. ఈ వ్యాసం కూడా తను చదివాకే పంపుతున్నాను.

సినిమా వాళ్ల ఇళ్లల్లో ఇలా పిల్లలు పుట్టినప్పుడు మనం మాట్లాడుకుంటాం. 2014లో మంచు లక్ష్మి దాచకుండా చెప్పారు, అది ధైర్యమే. 2022లో నయనతార దంపతులకి కవలలు పుట్టినప్పుడు తమిళనాడు ప్రభుత్వం విచారణ కూడా జరిపింది, నిబంధనలు మీరలేదని తేలింది. ఇన్ని వార్తల్లో మోసిన మనిషి గొంతు ఎక్కడా లేదు. ఆమె గొంతు లేని చోటే మోసం దూరుతుంది. 2025 జూలైలో సికింద్రాబాద్ కేసు బయటపడింది. సరోగసీలో పుట్టిన మీ బిడ్డే అని నమ్మించి, లక్షలు తీసుకుని, పేదవాళ్ల దగ్గర కొన్న పసికందుని చేతిలో పెట్టారని పోలీసులు చెప్పారు. డీఎన్‌ఏ కలవకపోతే గానీ ఆ తల్లిదండ్రులకి తెలీలేదు. మోస్తున్న మనిషిని వాళ్లు ఒక్కసారి చూసి, మాట్లాడి ఉంటే ఆ నాటకం నడిచేదా? ఆ వారం నా దగ్గరికి వచ్చిన కస్టమర్లు మళ్లీ అనుమానంగా చూశారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

మోసే మనిషికి తెలిసిన భాషలో అన్ని ఇబ్బందులూ వివరించి సంతకం తీసుకోవాలని చట్టంలో ఉంది. నాకు వివరించారు కూడా. కానీ నా భర్తకి, అత్తగారికి వివరించాల్సిన పని ఎవరిదో ఎక్కడా లేదు. ఆస్పత్రిలో కౌన్సెలర్ ఒక పూటైనా ఆ ఇంటివాళ్లందరితో కూర్చోవాలి. వాళ్ల ప్రశ్నలు, మురికి ప్రశ్నలతో సహా, అక్కడే తీరాలి. అది నిబంధనల్లో చేర్చాలి.

భీమవరం నుంచి ఒకమ్మాయి నాకు ఫోన్ చేస్తోంది. వదిన కోసం మోయాలనుకుంటోంది. అత్తగారికి చెప్పే ధైర్యం లేక, హైదరాబాద్‌లో కుట్టు ట్రైనింగ్ అని చెప్పి ఆ నెలలన్నీ అక్కడే ఉండిపోదామనుకుంది. వద్దమ్మా, తిరిగొచ్చాక నీ ఒళ్లు నువ్వు ఎవరికి చూపించుకుంటావన్నాను. వాళ్ల అత్తగారిని వచ్చే ఆదివారం మా ఇంటికి తీసుకొస్తానంది. ఏం చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే, మా అత్తయ్యగారు "నువ్వు ఊరుకో, ఆవిడతో నేను మాట్లాడతాను" అన్నారు. బీరువాలోంచి ఆ ఇన్సూరెన్స్ జిరాక్స్ కూడా తీసి పెట్టారు.